జపాన్‌లో కుమ్మరిపని నేర్చుకోవడానికి నిజంగా పదేళ్లు పడుతుందా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీకు ఇరవై ఏడేళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. రెండేళ్లుగా హైదరాబాద్‌లో శని, ఆదివారాలు సారె మీద కప్పులు, గిన్నెలు చేస్తున్నారు. జపాన్ వెళ్లి గురువు దగ్గర చేరాలని ఉంది. అయితే అక్కడ మొదటి మూడేళ్లు సారె ముట్టనివ్వరని, పదేళ్లు ఊడిగం చేయాలని, జీతం ఇవ్వరని ఎవరో చెప్పారు. అది నిజమా, ఇప్పటి కుమ్మరులు అసలు ఎలా బతుకుతున్నారు అని అడిగారు.

పదేళ్లు పట్టదు. గురువు ఉండి తీరాలన్న నియమం కూడా లేదు. ఈ రోజుల్లో ఎక్కువమంది ఏడాదో రెండేళ్లో ప్రభుత్వ శిక్షణ కేంద్రంలో చదువుతారు. తర్వాత మూడు నుంచి ఐదేళ్లు ఎవరి పనిశాలలోనైనా జీతానికి పనిచేస్తారు. ఆ పైన అప్పో సొప్పో చేసి సొంతంగా బట్టీ పెట్టుకుంటారు. అంటే నాలుగు నుంచి ఏడేళ్లు. మీరు భయపడవలసిన కాలం అది కాదు, దాని తర్వాత వచ్చే అయిదేళ్లు. అక్కడికి తర్వాత వస్తాను.

నేను 2012 ఏప్రిల్‌లో వచ్చాను. రెండేళ్లు శిక్షణ కేంద్రంలో, నాలుగేళ్లు టోక్యోకు ఉత్తరాన ఉన్న కుమ్మరుల ఊరు మషికోలో ఒక గురువు దగ్గర ఉన్నాను. 2018 నుంచి పక్కనే ఉన్న కసమాలో సొంతంగా చేసుకుంటున్నాను. కాబట్టి నేను చెప్పేదానిలో ఈ రెండు ఊళ్ల వాసన ఎక్కువ. ఇంకో కుమ్మరుల ఊరు బిజెన్‌లో ఉన్నవారినో అరితలో ఉన్నవారినో అడిగితే ఇంకోలా చెబుతారు, వాళ్ల మాటా నిజమే.

ఆ మూడేళ్ల కథ ఎక్కడిదంటే, ఇక్కడ కుమ్మరులలో ఒక సామెత ఉంది: మట్టి పిసకడానికి మూడేళ్లు, సారెకు పదేళ్లు. మన దగ్గర 'కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు' అంటాం కదా, అందులో ఏడాది అంటే లెక్కపెట్టిన ఏడాది కాదు, ఇదీ అంతే. దాన్ని ఒప్పందపత్రంలా చదువుకోకూడదు. పూర్వం పన్నెండు, పదమూడేళ్ల పిల్లవాడిని పనిశాలలో దింపేవారు. అక్కడే తిండి, అక్కడే పడక. మట్టి పిసికే యంత్రాలు లేని రోజుల్లో పెద్దవాళ్ల సారెలకు రోజంతా మట్టి అందించాలంటే నలుగురు కుర్రవాళ్లు కావాలి. వాళ్లకు సారె ఇవ్వకపోవడానికి సగం కారణం విద్య, సగం కారణం అవసరం. నేర్పు వచ్చాక ఒక ఏడాది జీతం లేకుండా గురువుకు పనిచేసి రుణం తీర్చుకునే ఆచారమూ ఉండేది. ఇప్పుడు అది దాదాపు మాయమైంది. మట్టి సహకార సంఘం నుంచి సంచుల్లో వస్తుంది, పిసికే పని యంత్రం చేస్తుంది, సారె కరెంటుతో తిరుగుతుంది.

అయినా చేత్తో మట్టి పిసకడం మానలేదు. దాన్ని కికునెరి అంటారు, చేమంతి పిసుకుడు అని అర్థం. ముద్దను కుడిచేత్తో నొక్కుతూ ఎడమచేత్తో కొంచెం కొంచెం తిప్పుతుంటే మడతలు వరుసగా పడి చేమంతి రేకుల్లా కనిపిస్తాయి. లోపలున్న గాలి పోవడానికే ఇది. చూడటానికి తేలిక. నాకు సరిగ్గా కుదరడానికి నాలుగు నెలలు పట్టింది, అది కూడా మా గురువుగారు "పరవాలేదు" అన్న రోజు నుంచి వెనక్కి లెక్కపెడితే.

గురువు దగ్గర నా రోజు ఎలా ఉండేదో చెబుతాను. ఎనిమిదికి ముందే వెళ్లి పనిశాల ఊడవాలి. పదింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి టీ. టీ పెట్టేది శిష్యుడే. మొదట్లో చిన్నతనంగా అనిపించింది. ఆరు నెలలయ్యాక తెలిసింది: ఆ టీ కప్పులు రోజూ మారేవి. ఒక రోజు గురువుగారివి, ఒక రోజు ఆయన స్నేహితులవి, ఒక రోజు సెతో అనే కుమ్మరుల ఊరి పాతకాలపు కప్పో. కడిగి తుడిచి అలమరలో పెడుతుంటే ఏది చేతిలో నిలుస్తుందో, ఏది జారుతుందో, దేని అంచు పెదవికి గుచ్చుకుంటుందో వేళ్లకే తెలిసిపోయేది. ఆయన ఒక్కసారి కూడా ఈ సంగతి నోటితో చెప్పలేదు. చెప్పి ఉంటే నాలుగు నెలలు ముందే నేర్చుకునేవాడిని కదా అని నాకు ఇప్పటికీ ఉక్రోషమే. నేర్పు దొంగిలించి నేర్చుకోవాలి అనే మాట ఇక్కడి పనివాళ్లలో బాగా వినబడుతుంది. దాన్ని మరీ ఆకాశానికి ఎత్తవలసిన పని లేదు. కొందరి విషయంలో అది కేవలం చెప్పడానికి బద్ధకం.

మొదటి ఎనిమిది నెలలు నేను చేసిన వస్తువు ఒక్కటి కూడా అమ్మకానికి పోలేదు. ఎండిన మట్టిముక్కలు నానబెట్టడం, పూతలు (కాలిస్తే పాత్ర మీద గాజు పొరలా మారేవి) కలిపి జల్లెడ పట్టడం, బట్టీ పలకలు గీకి శుభ్రం చేయడం, పైన్ దుంగలు చీల్చి పేర్చడం, వస్తువులు కాగితంలో చుట్టి పెట్టెల్లో సర్దడం. సారె మాత్రం సాయంత్రం అయిదు తర్వాత నాదే. కరెంటు ఖర్చు ఆయనది, మట్టి ఆయనది. మూడేళ్లు ముట్టనివ్వలేదనే కథలో నాకు ఎదురైన నిజం ఇంతే.

మరి నేర్పింది ఏమిటి? ఒక యునొమి. అంటే పిడి లేని నిలువు టీ కప్పు. ఆయన చేసిన కప్పు ఒకటి, దానితో పాటు ఒక తొంబో ఇచ్చారు. తొంబో అంటే తూనీగ. వెదురుపుల్లకు అడ్డంగా మరో సన్న పుల్ల గుచ్చి ఉంటుంది, అచ్చం రెక్కలు చాపిన తూనీగలా. నిలువు పుల్ల లోతును, అడ్డపుల్ల వెడల్పును చూపిస్తాయి. దాన్ని కప్పులో దించి, రెండు చివరలూ అంచుకు తాకీ తాకకుండా ఉంటే కొలత సరిపోయినట్టు. పెద్ద ముద్ద సారె మీద పెట్టి, పై కొసన కొంత మట్టి తీసుకుని కప్పు లాగి, దారంతో కోసి పలక మీద పెట్టడం, మళ్లీ ఇంకొకటి. రోజుకు వంద. వంద అయ్యాక ఆయన వచ్చి అందులోంచి ఓ అయిదు ఏరి తీగతో నిలువునా కోసేవారు. కోసిన సగం చేతికి ఇచ్చి వెళ్లిపోయేవారు. గోడ కింద మందంగా ఉందా, మధ్యలో పలచబడిందా, అడుగున మట్టి మిగిలిందా, అంతా అక్కడే కనిపించేది. మిగిలిన తొంభై అయిదూ నానబెట్టే తొట్టిలోకి. అలా నెలలు గడిచాయి. కొంత ఆరిన కప్పును తిరగేసి అడుగు చెక్కేటప్పుడు గోటితో తట్టి వినమనేవారు. మందంగా ఉంటే దబ్ అంటుంది, తగ్గుతున్న కొద్దీ స్వరం పైకి పోతుంది. ఇప్పుడు నేను కొలిచి చూడను, విని ఆపుతాను.

మీకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. హైదరాబాద్‌లో మీరు నేర్చుకున్నది బహుశా పాశ్చాత్య పద్ధతి, సారె ఎడమవైపుకు తిరిగేది. జపాన్‌లో ఎక్కువ చోట్ల కుడివైపుకు, గడియారం ముళ్లు తిరిగే వైపుకు తిప్పుతారు. నేనూ అలాగే వచ్చాను. తొలి మూడు నెలలు ఎడమచేత్తో అన్నం తింటున్నట్టే ఉండేది.

ఏ ఊరు ఎంచుకుంటారన్నది ఏ గురువు అన్నదానికంటే పెద్ద ప్రశ్న. ఊరును బట్టి శిక్షణే మారిపోతుంది.

క్యూషూ దీవిలో ఒంత అనే చిన్న కొండ పల్లె ఉంది. పది లోపు కుటుంబాలే ఈ పని చేస్తాయి. వాగు నీటితో పైకి లేచి కిందపడే రోకళ్లు రోజంతా మట్టి దంచుతుంటాయి. ఒక వైపు దోనె నిండగానే దూలం వంగి నీళ్లు ఒలికిపోతాయి, రెండో వైపు రోకలి ధన్ మని పడుతుంది. కరెంటు సారెలు లేవు. వస్తువు మీద చేసినవారి పేరు ఉండదు. ఇంటికొక బిడ్డకే విద్య దక్కుతుంది, బయటివారిని శిష్యులుగా తీసుకోరు. వెళ్లి చూడండి, తప్పకుండా చూడండి, చేరాలని మాత్రం అడగకండి.

అరిత పింగాణీ ఊరు. పదిహేడో శతాబ్దం నుంచి పని విడివిడిగా పంచుకునే పద్ధతి అక్కడ పెరిగింది. లాగేవారు వేరు, గీతలు గీసేవారు వేరు, రంగు నింపేవారు వేరు. పెద్ద పనిశాలలో చేరితే మీరు ఇరవై ఏళ్లూ ఒకే పనిలో అద్భుతంగా తయారు కావచ్చు. మొత్తం పని తెలుసుకోవాలనుకునేవారికి అది ఊపిరాడని చోటు.

బిజెన్‌లో పూతే ఉండదు. వరిపొలాల కింద నుంచి తవ్విన జిగట మట్టిని ఏళ్ల తరబడి నిల్వ ఉంచి వాడతారు. ఎర్ర పైన్ కట్టెలతో పది రోజులో, అంతకంటే ఎక్కువో రాత్రింబవళ్లు కాలుస్తారు. నిప్పు, బూడిద ఏ గీత గీస్తే అదే అలంకారం. అక్కడి శిష్యరికంలో సారె ఒక పాలు, కట్టెలు మూడు పాళ్లు. ఏడాదికి ఒకటో రెండో కాల్పులు, ఒకటి చెడిపోతే ఆ ఏడాది పనంతా పోయినట్టే. దానికి తోడు పురుగు తెగులు వల్ల పైన్ చెట్లు చచ్చిపోయి మంచి కట్టె ధర పెరిగింది. నా వయసు బిజెన్ మిత్రుడొకడు మట్టి గురించి కంటే కట్టెల బేరం గురించే ఎక్కువ మాట్లాడతాడు.

మషికో, కసమా ఊళ్లు బయటివాళ్లతో నిండినవి. కసమా పని పద్దెనిమిదో శతాబ్దం చివరిలో మొదలైంది. కసమాలో నేర్చుకున్న ఒత్సుకా కెయిజబురో అనే ఆయన 1853లో మషికోలో బట్టీ పెట్టాడు. నీళ్ల జాడీలు, ఆవకాయకు మనం వాడే లాంటి ఊరగాయ జాడీలు, వంటపాత్రలు టోక్యో వంటిళ్లకు పంపిన ఊరు అది. 1924లో హమాదా షోజి అనే కుమ్మరి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. ఆయన వెనకే దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. ఇప్పటికీ ఈ రెండు ఊళ్లలో "మీ నాన్న ఏ బట్టీ?" అని ఎవరూ అడగరు.

హమాదా సంగతి మీలాంటివారు తెలుసుకోవాలి. ఆయన కుమ్మరి కొడుకు కాదు. టోక్యోలోని సాంకేతిక కళాశాలలో సిరామిక్స్ చదివి, అక్కడ తన సీనియర్ అయిన కవాయి కంజిరోతో కలిసి క్యోటో పురపాలక ప్రయోగశాలలో వేల కొద్దీ పూతలు పరీక్షించారు. 1955లో ప్రభుత్వం మొదటిసారి 'సజీవ జాతీయ సంపద' హోదా ఇచ్చినప్పుడు ఆ జాబితాలో ఆయన ఉన్నారు. అదే ఏడాది గుర్తింపు పొందిన అరకవా తొయొజో కథ ఇంకా చిత్రమైనది. 1930లో ఆయన మినో కొండల్లో ఒక పాత బట్టీ దగ్గర షినో అనే తెల్లపూత పాత్ర పెంకు ఏరుకున్నారు. అంతవరకు షినో పాత్రలు సెతోలో తయారయ్యాయనే అందరూ అనుకునేవారు. ఆ విద్య తెలిసినవాడు అప్పటికి ఎవరూ మిగల్లేదు. పెంకులే గురువులుగా ఏళ్ల తరబడి కాల్చి కాల్చి పట్టుకున్నారు. మా కసమాలో మత్సుయి కొసెయి అనే ఆయన బౌద్ధాలయ పూజారిగా ఉండేవారు. రంగు మట్టులను పొరలుగా పేర్చి పాత్ర చేసే నెరియాగే పద్ధతిలో 1993లో అదే హోదా అందుకున్నారు.

వంశపారంపర్యం అసలు లేదని కాదు. క్యోటోలో టీ గిన్నెలు చేసే రకు కుటుంబం పదహారో తరంలో ఉంది, ఇంటి పెద్ద వాడే పేరు 2019లో తండ్రి నుంచి కొడుకుకు వచ్చింది. వాళ్లు సారె వాడరు, చేత్తోనే గిన్నె కడతారు. తాతలు దాచిన మట్టిని మనవలు వాడతారు. ఆ లోకం వేరు. అందులోకి దారి పుట్టుకే.

ఆ హోదా గురించి ఒక మాట, ఎందుకంటే మన పత్రికల్లో దాన్ని గురించి గొప్పగా రాస్తారు. దానితో ప్రభుత్వం ఏడాదికి 20 లక్షల యెన్లు ఇస్తుంది, అదీ విద్యను మెరుగుపరచుకోవడానికి, తర్వాతివారికి నేర్పడానికి. అందుకునేసరికి చాలామందికి అరవై దాటుతుంది. దాని కింద ఇంకో మెట్టు ఉంది, 1974 చట్టం కింద ఇచ్చే సంప్రదాయ హస్తకళాకారుడి గుర్తింపు. ఆ పరీక్ష రాయడానికే పన్నెండేళ్ల అనుభవం చూపించాలి. ఇవేవీ లేకుండానే బతికేవాళ్లం మాలో నూటికి తొంభై మందికి పైగా ఉంటాం.

ఇక బతుకు. లెక్క చెబుతాను. నా కప్పు దుకాణంలో 2,500 యెన్లు. గ్యాలరీ వాటా నలభై శాతం. చేతికి 1,500. అందులోంచే మట్టి, పూత, గ్యాసు, పెట్టెలు, కారు పెట్రోలు, పగిలినవాటి నష్టం. కప్పుకు ఆరేడు వందలు మిగిలితే మంచి నెల అన్నట్టు. కాబట్టి జపాన్ కుమ్మరి అంటే పైన్ చెట్ల కింద మౌనంగా కూర్చుని ఒక్క గిన్నె చేసుకునే ముని కాదు. నెలకు మూడు నాలుగు వందల వస్తువులు చేసి, ఫోటోలు తీసి, పార్సిళ్లు కట్టి, ఏడాదికి నాలుగైదు ప్రదర్శనలకు బండి తోలుకుని పోయే మనిషి. వసంతంలో వారం రోజుల సెలవుల్లోనూ నవంబరులోనూ మషికోలో మట్టిపాత్రల సంత జరుగుతుంది. 1966 నుంచి నడుస్తోంది. ఆ రెండు సంతలతోనే ఏడాదిలో మూడో వంతు సంపాదించేవాళ్లు నాకు తెలుసు. చాలామంది వారానికి రెండు రోజులు పింఛనుదారులకు పాఠాలు చెబుతారు. నా మొదటి మూడేళ్లు ఇల్లు నడిచింది మా ఆవిడ నర్సు జీతంతో. ఇది చెప్పుకోవడానికి నేను సిగ్గుపడను. ఎవరైనా చెప్పకుండా దాచితే వాళ్ల మాట సగమే నమ్మండి.

సొంత బట్టీలో నా తొలి కాల్పు సంగతి కూడా వినండి. మషికోలో నుకా అనే తెల్లని పూత ఉంది, వరి ఊక బూడిదతో చేస్తారు. ఊక బూడిదలో తొంభై శాతం దాకా సిలికానే, అందుకే మజ్జిగ మీద తరకలా తెల్లగా, మబ్బుగా కాలుతుంది. కోనసీమ వాడిని, ఊక నాకు కొత్తా అనుకున్నాను. పక్క రైతు దగ్గర మూటలు తెచ్చుకుని కాల్చి, నూరి, గర్వంగా మందంగా పూశాను. బట్టీ తెరిస్తే నూట అరవై కప్పుల్లో నూటికి పైగా పూత ముడుచుకుపోయి, కుష్ఠు మచ్చల్లా మట్టి బయటపడి ఉంది. గురువు దగ్గర నాలుగేళ్లు అదే పూత కలిపాను. కానీ ఎంత మందం పూయాలో ఆయన చెయ్యి చూసి పూసేవాడిని. బాల్చీలో చిక్కదనం ఆ పూట ఎలా ఉందో నా అంతట నేను ఎప్పుడూ నిర్ణయించలేదు. శిష్యరికం ముగిశాక వచ్చే అయిదేళ్లు అని మొదట్లో అన్నానే, అవి ఇలా ఉంటాయి.

భూకంపం మాట కూడా చెప్పాలి. 2011 మార్చిలో మషికోలో చాలా బట్టీలు కూలిపోయాయి. నేను వచ్చేనాటికి ఏడాది గడిచినా పెరళ్లలో ఇటుకల గుట్టలు కనిపించేవి. హమాదా గారి మెట్ల బట్టీ కూడా దెబ్బతింది. దాన్ని బాగుచేసి 2015లో ఊరి కుమ్మరులు ఎందరో కలిసి కాల్చారు. ఎవరి వస్తువులు వాళ్లు తెచ్చి అందులో పెట్టారు.

మీరు అడగలేదు కానీ, అమ్మాయిలకు ఈ దారి ఎలా ఉంటుందని ఇది చదివే కొందరికైనా సందేహం ఉంటుంది. ఒకప్పుడు బట్టీ దగ్గరికి ఆడవాళ్లను రానిచ్చేవారు కాదు. 1957లో త్సుబోయి అసుకా మహిళా కుమ్మరుల సంఘం పెట్టారు. నాతో శిక్షణ కేంద్రంలో చదివిన బ్యాచిలో సగానికి పైగా అమ్మాయిలే. అయితే కట్టెల బట్టీ ఉన్న పాత గురువుల్లో కొందరు ఇప్పటికీ ఏదో వంక చెప్పి తప్పించుకుంటారు.

వీసా విషయం ముందే తేల్చుకోండి. సాంస్కృతిక కార్యకలాపాల వీసా మీద గురువు దగ్గర నేర్చుకోవచ్చు కానీ జీతం తీసుకోకూడదు. అంటే మీ పొదుపుతోనే బతకాలి. పెళ్లి వల్ల వచ్చిన వీసా కాబట్టి నాకు ఆ ఇబ్బంది లేకపోయింది, నన్ను చూసి మీరు లెక్క వేసుకోకండి. తాజిమి, సెతో, క్యోటో, మషికో ఊళ్లలో ప్రభుత్వ శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. కసమాలో 2016లో ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా ప్రాంతం) వారి సిరామిక్ కళాశాల తెరిచారు. తరగతులు ఏప్రిల్‌లో మొదలవుతాయి. పాఠాలు, ప్రవేశ పరీక్ష అన్నీ జపనీస్‌లోనే. భాష లేకుండా వస్తే మట్టి మాట్లాడుతుందిలే అనే మాటలు నమ్మకండి. పూతల లెక్కలు మట్టి చెప్పదు.

రాకముందు ఒకసారి పుదుచ్చేరి వెళ్లి రండి. అక్కడి గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని 1971లో రే మీకర్‌తో కలిసి స్థాపించిన డెబొరా స్మిత్ బిజెన్‌లో నేర్చుకున్నవారే. అంతకు ఎంతో ముందు, 1919లోనే, సర్దార్ గురుచరణ్ సింగ్ జపాన్ వెళ్లి హమాదా మిత్రబృందంతో పరిచయం పెంచుకుని వచ్చారు. ఢిల్లీ బ్లూ పాటరీ ఆయనదే. ఈ దారిలో మనవాళ్లు నూరేళ్ల క్రితమే నడిచారు, మీరు మొదటివారు కాదు.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. ఒక ఏడాది జపనీస్ నేర్చుకోండి, రెండేళ్ల ఖర్చు దాచుకోండి. ఏదో ఒక సంత వారంలో పది రోజుల సెలవు పెట్టి మషికో, కసమా చూసి వెళ్లండి. సంతలో గుడారం వేసుకుని కూర్చున్న కుర్రవాళ్లతో మాట్లాడితే ఎవరి దగ్గర చేరవచ్చో, ఎవరి దగ్గర చేరకూడదో గంటలో తెలిసిపోతుంది. ఈలోగా మీ సారెకు వెనక్కి తిప్పే మీట ఉందేమో చూడండి. ఉంటే ఈ శనివారం నుంచే కుడివైపుకు తిప్పి, ఒకే కొలత కప్పు వంద చేసి, అయిదింటిని కోసి చూసుకోండి.